గామా విభాజనం సగటు తప్పుగా వస్తోంది, ఎవరైనా చూడండి

వేళచ్చేరి విద్యార్థిని:
పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి ఎనిమిది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజువారీ వానకు గామా విభాజనం (ఏ విలువలు ఎంత తరచుగా వస్తాయో చెప్పే ఒక సంభావ్యతా నమూనా) అమర్చాను. దాని వక్రరేఖను నిర్ణయించే రెండు సంఖ్యల్లో ఆకార పరామితి 0.7, రెండోది 18. సగటు ఆ రెండింటి లబ్ధం కదా, 12.6 మిల్లీమీటర్లు రావాలి. అసలు దత్తాంశం సగటూ అంతే. కానీ అవే విలువలతో పది వేల యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టిస్తే సగటు 0.039! మూడుసార్లు మొదటి నుంచి రాశాను. రేపు గైడుకు చూపించాలి.

అన్నానగర్ మాస్టారు:
అమ్మా, గామాను సూత్రంగా బట్టీ పడితే ఇలాంటి చిక్కులే వస్తాయి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో కాల్స్ రాకడ మీద వ్యాసం రాశారు. కాల్స్ పాయిసాన్ పద్ధతిలో, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా స్థిరమైన సగటు వేగంతో వస్తుంటే, మొదటి కాల్ కోసం వేచి ఉండే కాలం ఘాతీయ విభాజనం, అంటే ఆకారం 1 ఉన్న గామా. మూడో కాల్ దాకా వేచి ఉండే కాలం, ఆకారం 3 ఉన్న గామా. ఆకారం పూర్ణసంఖ్య అయితే దానికి ఆయన పేరే పెట్టారు. ముందు ఇది మనసుకు పట్టాలి.

కోరమంగళ:
12.6ని 0.039తో భాగించండి. దాదాపు 324. అది 18 వర్గం. ఏ సాఫ్ట్‌వేర్?

వేళచ్చేరి విద్యార్థిని:
అమర్చింది పైథాన్‌లో. సంఖ్యలు పుట్టించింది ఆర్ అనే గణాంక భాషలో, గైడు అందులోనే కావాలన్నారు. ఇది చెప్పాల్సిన సంగతి అనుకోలేదండీ.

కోరమంగళ:
చెప్పాల్సింది అదొక్కటే. ఆకారం తర్వాత పేరు లేకుండా ఇచ్చిన విలువను ఆర్ రేటుగా తీసుకుంటుంది. పైథాన్ మీకిచ్చింది దానికి విలోమమైన స్కేలు. అందుకే 18తో గుణించాల్సింది పోయి భాగించింది. స్కేలు అని పేరు రాసి 18 ఇవ్వండి.

తాంబరం:
తెలుగులో రాస్తూ స్కేలు, రేటు ఏమిటండీ? మాపక పరామితి అనలేమా?

కోరమంగళ:
ప్రోగ్రాములో మాపకం అని రాస్తే నడవదు.

తాంబరం:
ప్రోగ్రాము గురించి కాదు, చర్చ గురించి అంటున్నాను. ఆకార పరామితి అని ఆమె రాయలేదా?

అన్నానగర్ మాస్టారు:
ఏ పేరైనా పెట్టుకోండి. ఈ రెండో పరామితిని బీటా అని కూడా రాస్తారు; ఎక్సెల్‌లో బీటా అంటే స్కేలు, బేసియన్ గణాంక పుస్తకాల్లో ఎక్కువగా రేటు. నమ్మాల్సింది ప్రమాణాన్ని, అంటే యూనిట్‌ను. స్కేలును మిల్లీమీటర్లలో చెబుతాం, రేటు దానికి విలోమం. నా విద్యార్థులతో ప్రతి పరామితి పక్కనా ప్రమాణం రాయించేవాణ్ణి. అది రాసి ఉంటే ఈ పదకొండు గంటలు మిగిలేవి.

పల్లావరం వానలెక్కలు:
ఒక్క మాట. సున్నాలేం చేశారు? ఆకారం 1 కంటే తక్కువైతే వక్రరేఖ సున్నా దగ్గర ఆకాశానికి లేస్తుంది కానీ, కచ్చితంగా సున్నా వచ్చే సంభావ్యత మాత్రం సున్నాయే. పొడి రోజును గామా ఇవ్వలేదు.

వేళచ్చేరి విద్యార్థిని:
వాన లేని రోజులు తీసేశాను. అందరూ అలాగే చేస్తారు కదండీ.

పల్లావరం వానలెక్కలు:
తీయడం సరే, మళ్లీ కలపాలి. మూడు నెలలంటే 92 రోజులు. రోజూ 12.6 కురిస్తే 1159 మిల్లీమీటర్లు, మీ దత్తాంశం మొత్తం కంటే చాలా ఎక్కువ. ఒక్కో రోజుకు వాన ఉందా లేదా అన్నది ముందు తేల్చండి, ఉన్న రోజుకే గామా. అనావృష్టిని కొలిచే ప్రామాణిక వర్షపాత సూచికలోనూ సున్నాల వాటాను విడిగా లెక్కగట్టి కలుపుతారు.

తాంబరం:
విలోమ మాపకం అంటే రేటుకూ సరిపోతుంది.

వేళచ్చేరి విద్యార్థిని:
పేరు రాసి ఇచ్చాను, 12.58 వచ్చింది. థాంక్సండీ. మొత్తం మాత్రం నిజంగానే 1157 చూపిస్తోంది. పొడి రోజుల పని ఇప్పుడు మొదలుపెడుతున్నాను.