నడుస్తూ ఫ్లూట్ వాయించేటప్పుడు పెదవి పట్టు తప్పకుండా ఎలా?

అందరికీ నమస్తే. మేము నార్తర్న్ ఐర్లాండ్‌లో, బెల్‌ఫాస్ట్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి స్నేహితురాలితో కలిసి ఊళ్లోని ఫ్లూట్ బ్యాండ్‌లో చేరింది. ఇక్కడ వసంతం నుంచి వేసవి చివరిదాకా పరేడ్లే పరేడ్లు. శుక్ర, శనివారాల సాయంత్రం ఏదో ఒక బ్యాండ్ తమ ఊళ్లో పోటీ పెడుతుంది, చుట్టుపక్కల బ్యాండ్లన్నీ వచ్చి వీధుల్లో వాయిస్తూ నడుస్తాయి. జూలై 12 అయితే ఇక చెప్పక్కర్లేదు, 1690లో ఐర్లాండ్‌లో ప్రొటెస్టెంట్ రాజు విలియం గెలిచిన బాయిన్ యుద్ధం గుర్తుగా రోజంతా నడకే.

పిల్ల ఇంతకుముందు కర్ణాటక వేణువు నేర్చుకుంది, కాబట్టి అడ్డంగా పట్టి ఊదడం కొత్త కాదు. బ్యాండ్‌లో వాయించే ఈ బి ఫ్లాట్ (శ్రుతి పేరు) ఫ్లూట్‌కి ఆరు రంధ్రాలతోపాటు వేలితో నొక్కే మీటలు (కీస్) కూడా ఉంటాయి, అవీ అలవాటయ్యాయి. కూర్చుంటే చక్కగా పలుకుతుంది. అడుగు వేయగానే ఫ్లూట్ అదిరి, పెదవి జరిగి, పై స్థాయి స్వరాలు ఉత్త గాలిగా పోతున్నాయి. పక్కనే డ్రమ్ముల హోరు, తన స్వరం తనకే వినపడదు. ఆ టెన్షన్‌లో ఊపిరి మధ్యలోనే అయిపోతోంది.

స్కూల్ బ్యాండ్‌లోనో, పోలీస్ బ్యాండ్‌లోనో కవాతు చేస్తూ ఫ్లూట్ వాయించినవాళ్లు దయచేసి చెప్పండి. ఊపిరిని అడుగుల లెక్కతో తీసుకోవాలా, పాట విరామాన్ని బట్టా? ఇంట్లో ఎలా సాధన చేయించాలి? ఇంకొకటి, వాళ్లిచ్చింది చెక్క ఫ్లూట్. ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. తడిసొచ్చాక పగలకుండా ఎలా ఆరబెట్టాలి?