హెచ్.పైలోరీ తగ్గాక కూడా ఉప్పుచేప పూర్తిగా మానేయాలా?

మాది విశాఖ, జాలారిపేట దగ్గర. నాన్నకి 61 ఏళ్లు. కడుపు ఉబ్బరం తగ్గకపోతే మే నెలలో ఎండోస్కోపీ చేయించాం. బయాప్సీలో హెచ్.పైలోరీ (కడుపులో చేరే బ్యాక్టీరియా) పాజిటివ్, దాంతోపాటు ఇంటెస్టినల్ మెటాప్లాసియా (కడుపు లోపలి పొర పేగు పొరలా మారడం) అని వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ రిస్క్ ఉంటుందన్నారు. 14 రోజుల కోర్సు వాడాక, నాలుగు వారాలు ఆగి చేసిన పరీక్ష నెగటివ్. అంతవరకు బానే ఉంది.

గొడవంతా తిండి దగ్గరే. ఉప్పులో ఊరినవి జీర్ణాశయం లోపలి పొరను దెబ్బతీస్తాయని, ఉప్పు బాగా తగ్గించమని డాక్టర్ చెప్పారు. రోజుకి అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదట. మా నాన్నకి పొద్దున చద్దన్నంలో ఆవకాయ, మధ్యాహ్నం వంజరం ఉప్పుచేప లేకపోతే ముద్ద దిగదు.

చేపని వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి వండాం. ముక్క చప్పబడి పీచులా అయిపోతోంది, అయినా నాలుక్కి ఉప్పు తగులుతూనే ఉంది. ఆవకాయ కడిగి పెడితే కంచం పక్కకి నెట్టేశారు (నిజం చెప్పాలంటే నేనూ తినలేను). లో సోడియం ఉప్పు కొన్నాం గానీ అందులో పొటాషియం ఉంటుంది, ఆయన బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటారు. రెండూ కలిస్తే ఒంట్లో పొటాషియం పెరిగిపోవచ్చని డాక్టర్ వద్దన్నారు.

బజార్లో ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్లు దొరుకుతున్నాయి. అవి ఆయన ఇష్టంగానే తింటున్నారు. కానీ మళ్లీ అపాయింట్‌మెంట్ వచ్చే నెలలో.

మీ ఇంట్లో ఎవరికైనా మెటాప్లాసియా రిపోర్ట్ వచ్చి ఉంటే, మీ డాక్టర్ ఎండుచేప పూర్తిగా మానమన్నారా, లేక ఉప్పులేని నెత్తళ్లు తినొచ్చన్నారా?