వంగే రెటీనా చిప్‌తో నిజంగా చూపు వస్తుందా?

రాధిక: మా పెద్దమ్మకి రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా మెల్లమెల్లగా పాడైపోయే జబ్బు) అండి, ఇప్పుడు లైటు వెలుగుతోందో లేదో అంతవరకే తెలుస్తోంది. వంగే చిప్ పెట్టి చూపు తెప్పిస్తారని చదివా, పాడైపోయిన రెటీనా కరెంటు ఇస్తే ఎలా పనిచేస్తుంది? అసలు వంగాల్సిన అవసరం ఏంటి?

కిరణ్: మొత్తం పాడవదండి. వెలుతురు పట్టే రాడ్లు, కోన్లు పోతాయి కానీ మెదడుకి సిగ్నల్ పంపే గాంగ్లియన్ కణాలు చాలావరకు బతికే ఉంటాయి, చిప్ మీదుండే ఎలక్ట్రోడ్ (కరెంటు ఇచ్చే చిన్న చుక్క) వాటికి చిన్న కరెంటు ఇస్తే ఆప్టిక్ నర్వ్ (కంటి నరం) మీదుగా మెదడుకి సిగ్నల్ వెళ్లి అక్కడో వెలుగు చుక్క కనిపిస్తుంది. గ్లకోమాతో ఆ నరమే దెబ్బతింటే మాత్రం ఉపయోగం ఉండదు.

సుధ: కంటి లోపలి గోడ గిన్నెలా ఉంటుంది కదా, గట్టి పలక పెడితే అంచులు గుచ్చుకుంటాయి, మధ్యలో ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో కరెంటు పక్కలకి పాకి చుక్క మసకైపోతుంది, అందుకే మెత్తటి పాలిమర్ పొర. ఆర్గస్ 2 అని ఇలాంటి రెటీనా చిప్ ఒకటి వచ్చింది, అందులో 60 ఎలక్ట్రోడ్లే, అంటే తలుపు ఎక్కడుందో తెలుస్తుంది కానీ మొహాలు గుర్తుపట్టలేం. 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది, తర్వాత కంపెనీ దాన్ని ఆపేస్తే పెట్టించుకున్నవాళ్లు సపోర్ట్ లేక నానా అవస్థ పడ్డారు, తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఏ ట్రయల్‌లో చేరినా తర్వాత రిపేర్లు ఎవరు చూస్తారో ముందే అడగండి అక్కా.

కిరణ్: ప్రిమా అని ఇంకోటి ఉంది, 2 మిల్లీమీటర్ల చిప్, 378 పిక్సెల్స్, కళ్లద్దాల నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతోనే నడుస్తుంది, వైర్లు ఉండవు. 2025లో వచ్చిన ఫలితాల్లో చాలామంది అక్షరాలు చదివారు, కాకపోతే ఆ ట్రయల్ వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్య భాగం) జబ్బుకి, పెద్దమ్మగారిది వేరు.