లారీ షెడ్డులో హెల్పర్‌గా చేరిన తమ్ముడు: ఓనర్‌ని ఏం అడగాలి?

ప్రశ్న:
మా తమ్ముడికి 19 ఏళ్లు. ఇంటర్ తప్పాక విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ షెడ్డులో చేరాడు. జీతం అంటూ లేదు, వారానికోసారి ఓనరు చేతిలో పెట్టినంత. అడిగితే "పని నేర్పిస్తున్నాం కదా" అంటాడట. డీజిల్‌తో చేతులు కడిగీ కడిగీ వేళ్ల సందులు పగిలిపోయాయి, అన్నం చెంచాతో తింటున్నాడు. అమ్మ మానేయమంటోంది, వాడు మాననంటున్నాడు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (టిప్పర్ల మేస్త్రి):
అమ్మా, నేనూ హెల్పర్‌గా మొదలైనవాణ్ణే. జీతం సంగతి తర్వాత చూద్దాం. ముందు వాణ్ణి ఒకటి అడగండి. బండి కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కటే ఉంటోందా, ఛాసిస్ (బండి ఫ్రేము) కింద స్టాండ్లో చెక్క దిమ్మలో కూడా పెడుతున్నారా? జాకీ ఉన్నది బండిని లేపడానికే. లోపల సీలు పోయిందంటే చెప్పాపెట్టకుండా దిగిపోతుంది. టిప్పర్ అయితే మరీ ప్రమాదం. తొట్టి లేపి ఉండగా ఆయిల్ పైపు విప్పితే తొట్టంతా ఒంటి మీద పడుతుంది. సపోర్టు పెట్టకుండా కింద తల పెట్టమని ఎవరు చెప్పినా పెట్టొద్దనండి, ఓనరైనా సరే.

ఇక చేతులు. డీజిల్ చర్మంలో ఉన్న కాస్త జిడ్డునీ లాగేస్తుంది, పగుళ్లు అందుకే. పనికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, తర్వాత మామూలు సబ్బుతో కడిగి, రాత్రి కొబ్బరినూనె రాసుకోమనండి. పగుళ్లు మానకపోతే చర్మం డాక్టరుకు చూపించండి. ఆయిల్ గుడ్డ ప్యాంటు జేబులో కుక్కుకునే అలవాటు మా అందరికీ ఉంటుంది, అది వాడికి రానివ్వకండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మ క్యాన్సర్ రావచ్చు. బ్రేక్ డ్రమ్ములో దుమ్మును గాలితో కొట్టకుండా తడిగుడ్డతో తుడవాలి, పాత లైనింగుల్లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ఇంకో జవాబు:
షెడ్డులో పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేస్తుంటే, జీతం నెలకు 21,000 లోపు ఉంటే, ఈఎస్‌ఐ అడగొచ్చు. చిన్న షెడ్డయితే ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల పేర్లు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్) పేరు రాయించండి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. వేలు తెగినంత మాత్రాన మాత్రం దీనికింద ఏమీ రాదు. మన షెడ్లలో ఎక్కువగా జరిగేది అదే మరి.

ప్రశ్న అడిగినవారు:
బాబాయ్ గారూ, అడిగాను. దిమ్మలు ఉన్నాయట గానీ అర్జెంటు బండి వస్తే పెట్టరట.

మేస్త్రి:
అయితే వేరే షెడ్డు చూసుకోమనండి. ఆటోనగర్‌లో పానాల నంబర్లు చెప్పగానే అందించే కుర్రాడికి పని దొరక్కపోదు. చేరేముందే నెలకు ఎంతో, ఆదివారం సెలవో కాదో మాట్లాడుకోమనండి. మీరు కూడా పక్కన ఉంటే మంచిది.