మాత్ర ఉండగా పొటాషియం కాన్రెనోయేట్ ఇంజెక్షన్ ఎందుకు? మన ఉద్దానం వాళ్లకి మంచిదేనా?

సోంపేట అబ్బాయి:
నాన్నకి గుండె బలహీనం, కాళ్లకి నీరు. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడదు. స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడుతున్నాం. ఇటలీలో ఉన్న మా చిన్నాన్న కొడుకు, అక్కడ ఇదే పని చేసే ఇంజెక్షన్ నరంలోకి ఇస్తారన్నాడు. మనకి మాత్రలేనా?

విజయనగరం ఫార్మసిస్టు:
ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి, పొటాషియంని మూత్రంలోకి పంపేస్తుంది. ఈ మందులు దానికి అడ్డుపడతాయి. స్పైరోనోలాక్టోన్ నీళ్లలో సరిగా కరగదు, నరంలోకి ఎక్కించలేం. మీవాడు చెప్పిన ఇంజెక్షన్, పొటాషియం కాన్రెనోయేట్, కరుగుతుంది. మింగలేనివాళ్లకి, వాంతులు ఆగనివాళ్లకి ఇంకేటి దారి? నేను ఇంజెక్షన్ వైపే.

పలాస నర్సు:
మింగలేనివాళ్లకైతే సరే మాస్టారూ. ఈ అబ్బాయి వాళ్ల నాన్న మాత్ర మింగుతున్నారు కదా! ఇంజెక్షనంటే వెంటనే నీరు లాగేస్తుందని మనవాళ్ల నమ్మకం. ఇది ఒంట్లో కాన్రెనోన్‌గా మారాకే పని మొదలెడుతుంది. నీరు లాగే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్‌లా నిమిషాల్లో మూత్రం రాదు. 1999లో వచ్చిన రేల్స్ పరిశోధనలో, గుండె బాగా దెబ్బతిన్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గించింది మాత్రే. గుండెపోటు వచ్చినవాళ్లకి 200 మిల్లీగ్రాముల కాన్రెనోయేట్ ఎక్కించి, తర్వాత మాత్ర ఇచ్చి చూశారు ఫ్రాన్సులో, ఆల్బట్రాస్ అనే పరిశోధనలో. మామూలు వైద్యం కంటే మేలేమీ కనబడలేదు.

సోంపేట అబ్బాయి:
ఒంట్లో పొటాషియం మరీ పెరిగితే గుండెకి ప్రమాదమంటారు. ఈ మందు పేరులోనే పొటాషియం ఉంది, దీనికి భయపడేది అందుకేనా అప్పా?

విజయనగరం ఫార్మసిస్టు:
కాదు బాబూ. 200 మిల్లీగ్రాముల మందులో పొటాషియం 20 మిల్లీగ్రాములే. గ్లాసుడు బొండం నీళ్లలో అంతకి ఎన్నో రెట్లుంటుంది.

పలాస నర్సు:
నా గొడవంతా ఆ బొండం గురించే! మందు, మాత్రైనా ఇంజెక్షనైనా, పొటాషియంని బయటికి పోనివ్వదు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ సగం పోయినా మనిషికి తెలీదు. ఒకాయన నీరసమని వస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 6.8 ఉంది. ఈసీజీలో టీ అలలు సూదుల్లా లేచాయి. మంచం కింద చూస్తే చెక్కిన బొండాలు మూడు, చలవ చేస్తాయని కొడుకు తెచ్చినవి. ఆ పిల్లాడి మొహం ఇప్పటికీ మర్చిపోలేను. రేల్స్‌లో కూడా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో 2.5 దాటినవాళ్లని చేర్చుకోలేదు. ముందు రక్తం చూపించండి, తర్వాత సూది మాట.

విజయనగరం ఫార్మసిస్టు:
పరీక్ష మాటకి ఎదురు చెప్పను. వాంతులవుతున్న మనిషికి మాత్రం ఇంజెక్షన్ అందుబాటులో ఉండాలనే అంటాను.

సోంపేట అబ్బాయి:
నాన్న మాత్ర మొదలెట్టి రెండు నెలలు. క్రియాటినిన్, పొటాషియం ఒక్కసారీ చూపించలేదు. గుండెకీ బీపీకీ ఇచ్చే రామిప్రిల్ మాత్ర కూడా వేసుకుంటున్నారు.

పలాస నర్సు:
రామిప్రిల్ కూడా పొటాషియం పెంచేదే. రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే రక్తం ఇప్పించు తమ్ముడూ. డాక్టరుకి చెప్పకుండా మందులు మానిపించకు. బొండాలు మాత్రం ఇప్పుడే ఆపు.