ఆర్జిరోడైట్ కలిపే కేథోడ్ స్లర్రీకి (పూత ముద్దకు) ఎన్‌ఎంపీ పనికొస్తుందా?

అనంతపురం స్కాలర్: నమస్కారం. ద్రవం బదులు ఘన ఎలక్ట్రోలైట్ ఉండే సాలిడ్ స్టేట్ బ్యాటరీకి ఎన్‌ఎంసీ 811 (నికెల్ ఎక్కువున్న కేథోడ్ పదార్థం)తో పూత వేయాలి. మా ల్యాబ్‌లో మామూలు సెల్స్‌కి వాడే పీవీడీఎఫ్ (పొడిని అతికించే బైండర్), ఎన్‌ఎంపీ (దాన్ని కరిగించే సాల్వెంట్) ఉన్నాయి. చిటికెడు ఆర్జిరోడైట్ (లిథియం అయాన్లను మోసే సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్) పొడి ఎన్‌ఎంపీలో వేసి చూస్తే ద్రవం రంగెక్కింది. ఎందుకలా? మా ఊరి గాలి పొడిగానే ఉంటుంది గదా, పూత గ్లోవ్ బాక్స్ (తేమ లేని వాయువు నింపిన మూసిన పెట్టె) బయట వేయొచ్చా?

కడప అక్క: ఆ రంగు చూశాక ఇంక ఎన్‌ఎంపీ జోలికి పోవద్దు తమ్ముడూ. ఆర్జిరోడైట్‌లో ఫాస్ఫరస్ చుట్టూ నాలుగు సల్ఫర్లుంటాయి. ఎన్‌ఎంపీ లాంటి పోలార్ సాల్వెంట్ పోయి ఆ ఫాస్ఫరస్ మీద పడుతుంది, బంధాలు తెగుతాయి. ఆరబెడితే పొడి మిగులుతుంది గానీ లిథియం అయాన్లు నడిచే దారి మిగలదు. టోలుయీన్ గానీ జైలీన్ గానీ తీసుకో. వాటిలో పీవీడీఎఫ్ కరగదు, అందుకని బైండర్‌గా పాలీఐసోబ్యుటిలీన్ వాడు. టోలుయీన్‌ను ముందు మాలిక్యులర్ సీవ్స్ మీద ఉంచి నీళ్ళు తీసెయ్.

గాలి సంగతి జాగ్రత్తగా విను. 35 డిగ్రీల ఎండలో తేమ 30 శాతమే ఉన్నా ఘనపు మీటరుకు సుమారు 12 గ్రాముల నీళ్ళుంటాయి. డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుగా పేరుకునే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీలున్న డ్రై రూంలో సుమారు 0.1 గ్రామే. మన సీమ గాలి మనకు పొడి, సల్ఫైడ్‌కు కాదు. ఆ నీళ్ళు తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కుళ్ళిన గుడ్ల వాసన తగిలిందా, వెంటనే బయటికొచ్చేయ్. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, గ్యాస్ పోయిందనుకోవద్దు. దయచేసి ఒంటరిగా ఈ పని చేయకు.

కర్నూలు మిత్రుడు: అక్కా, ఈ తంటా లేకుండా గార్నెట్ ఆక్సైడ్ (ఇంకో రకం ఘన ఎలక్ట్రోలైట్) వాడితే? గాలిలో దానికేం కాదంటారు.

కడప అక్క: ఎందుకు కాదు? తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలి పైన లిథియం కార్బొనేట్ పొర కడుతుంది. ఆ క్షారానికి పీవీడీఎఫ్ పాడై స్లర్రీ గోధుమ రంగుకు తిరుగుతుంది, జెల్లీలా బిగుసుకుంటుంది. పైగా గార్నెట్ రేణువులు గట్టివి, ఒత్తితే అతుక్కోవు. ఎన్‌ఎంసీతో కలిపి కాల్చాలి, ఆ వేడికి ఒకదాని మూలకాలు ఇంకోదాన్లోకి చొరబడతాయి. సల్ఫైడ్ మెత్తనిది, ప్రెస్ చేస్తే చాలు. నా ఓటు దానికే.

అనంతపురం స్కాలర్: సరే అక్కా. సెల్ కట్టకముందే టోలుయీన్ సరిపడిందో లేదో తెలుసుకునేదెట్లా?

కడప అక్క: ఎలక్ట్రోలైట్ ఒక్కదాన్నే దాంట్లో రాత్రంతా తిప్పి, వాక్యూంలో ఆరబెట్టి, పెల్లెట్ (బిళ్ళ) నొక్కి ఇంపీడెన్స్ (అయాన్ల నడకకు ఎంత అడ్డుందో) తీయి. తడపని పొడితో పోల్చు. రామన్ (లేజర్ కాంతితో బంధాలను చూసే పరీక్ష)లో 425 cm⁻¹ దగ్గరి ఫాస్ఫరస్-సల్ఫర్ బంధాల పీక్ అలాగే ఉండాలి, పక్కన కొత్తవి లేవకూడదు. ఇంకోటి, ఎన్‌ఎంసీ రేణువుల మీద కొన్ని నానోమీటర్ల లిథియం నయోబేట్ పూత ఉండాలి. అది లేకుంటే సాల్వెంట్ ఎంత మంచిదైనా ఛార్జింగప్పుడు కేథోడ్ ఆనుకున్న చోట సల్ఫైడ్ ఆక్సీకరణ చెందుతుంది. ఆ పూతకు వేడి చేయాలి కాబట్టి, ఆర్జిరోడైట్ కలపకముందే ఆ పని ముగించు.