'వచ్చిండు' అంటే చెడిపోయిన 'వచ్చాడు' కాదు

ప్రశ్న: అసలు రూపం 'వచ్చాడు' అనీ, నోరు తిరగక తెలంగాణలో అది 'వచ్చిండు' అయిందనీ ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. 'వచ్చాడు'లో నకారమే లేదు, మరి 'వచ్చిండు'లో సున్నా ఎక్కడి నుంచి వస్తుంది? రెండింటికీ మూలం 'వచ్చినాడు', అంటే వచ్చిన + వాడు. రాయలసీమలో ఆ రూపం ఇప్పటికీ వినిపిస్తుంది. కోస్తాలో నకారం పోయి దీర్ఘం నిలిచింది. తెలంగాణలో దీర్ఘం కుదించుకుపోయి నకారం నిలిచింది. 'ఉన్నాడు' అక్కడ 'ఉన్నడు' అవుతుంది కదా, అదే కుదింపు. వచ్చినాడు 'వచ్చినడు' అయ్యాక నడిమి హ్రస్వం రాలితే వచ్చిన్‌డు, అంటే వచ్చిండు.

ఇక అసలు సంగతి. 'వచ్చింది' అని అందరం అంటాం, పాఠ్యపుస్తకాల్లోనూ రాస్తాం. అది 'వచ్చినది'లో నడిమి అకారం రాలగా మిగిలిన రూపమే. ఆడవాళ్ల విషయంలో ఒప్పైన మార్పు మగవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తప్పెలా అవుతుంది?

ఇంకొకరు: మరి 'వచ్చిండ్రు'లో డకారం?

జవాబు: 'వచ్చినారు' కూడా అదే దారిలో 'వచ్చినరు', 'వచ్చిన్రు' అవుతుంది. 'వచ్చిన్రు' అని నెమ్మదిగా పలికి చూడండి. నకారానికి నాలుక పైన ఆనుతుంది, గాలి ముక్కులోంచి పోతుంది. రకారానికి ముక్కు దారి మూసుకోవాలి. నాలుక కిందికి దిగకముందే ఆ దారి మూసుకుంటే మధ్యలో డకారం దానంతటదే పుడుతుంది. బద్ధకం కాదు, నోటి నిర్మాణం. 'వచ్చిన్రు' అనేవాళ్లూ ఉన్నారు.

నియమం లేని యాస అనేవాళ్లు ఈ వరస చూడాలి: నేను వచ్చిన, మేం వచ్చినం, నువ్వు వచ్చినవ్, వాడు వచ్చిండు, వాళ్లు వచ్చిండ్రు. 'వాళ్లు వచ్చిండు' అని అక్కడ చిన్నపిల్లవాడు అన్నా పెద్దవాళ్లు దిద్దుతారు. వ్యాకరణమంటే అదే, పుస్తకంలోకి ఎక్కినా ఎక్కకపోయినా.

మరొకరు: రాతకు ఒక రూపం ఉండాలి కదా?

జవాబు: ఉంటే సౌకర్యమే. అయితే ఏ రూపం రాతకెక్కాలన్నది చదువు, పత్రికలు, సమాజంలో పలుకుబడి తేల్చాయి, ధ్వనులు కాదు. గిడుగు రామమూర్తి గారు వ్యావహారికం కోసం పోరాడిన 1910లలో 'వచ్చాడు' కూడా గ్రాంథికవాదులకు గ్రామ్యమే.

ఇంకొక్క మాట. తెలంగాణలో నిండుగా 'ఉన్నది' అంటారు, కోస్తాలో 'ఉంది'. ఇక్కడ అరిగిన రూపం కోస్తాదే, అయినా దాన్ని చెడిపోయిన మాట అన్నవాళ్లు నాకింతవరకు కనిపించలేదు.